ఆగవయ్య తీసెయ్యనన్న గంట

ఆయన చివరగా చేసిన పని తీగ చుట్టి మేకుకి తగిలించడం. కారు స్టీరింగు కింద గుచ్చే ఆ నీలం తీగని ఎప్పుడూ మోచేతికీ బొటనవేలికీ మధ్య మెలిక పడకుండా చుట్టేవాడు, పసిపిల్లకి జడ వేసినంత ఓపిగ్గా. ఆ సాయంత్రం కూడా అలాగే చుట్టి, షెడ్డు తలుపు పక్కన తగిలించి, చేతులు తుడుచుకుని, "ఇక బయల్దేరు. నెమ్మదిగా వెళ్ళు" అన్నాడు కూతురితో. ఆమె వెనక్కి చూడకుండా కారు వీధి మలుపు తిప్పింది. తెల్లారి భార్య లేపబోతే ఆయన లేవలేదు.

వీధిలో ఆయన్ని ఆగవయ్య అనేవారు. అసలు పేరుతో పిలిచేది కరెంటు బిల్లొక్కటే. ఎవరు ఏ తొందరలో వచ్చినా ఆయన నోట మొదట వచ్చే మాట "ఆగవయ్యా" అన్నదే కాబట్టి ఆ పేరే ఖాయమైంది. ఆయనకీ అది నచ్చినట్టే ఉండేది. షెడ్డు బోర్డు మీద కూడా అదే రాయిద్దామా అని భార్యని అడిగాడట. "రాయించండి, వచ్చేవాళ్ళు చదివి అక్కడే ఆగిపోతారు" అందావిడ.

మొదట్లో ఆయన పని హారన్లు, హెడ్‌లైట్లు, తెగిన వైర్లు. రెండు తీగల చివర ఒక చిన్న బల్బు, అదే ఆయన సర్వస్వం. తర్వాత కార్ల నిండా కంప్యూటర్లొచ్చాయి. తోటి ఎలక్ట్రీషియన్లు ఒక్కొక్కరే షెడ్లు మూసుకుంటుంటే ఈయన మాత్రం జుట్టు నెరిశాక లాప్‌టాప్ కొన్నాడు. కారు కంపెనీలు లోపల పెట్టి, బయటికి మీట ఇవ్వని అమరికలు చాలా ఉంటాయి. బండి కదలగానే తలుపులు వాటంతటవే తాళం పడాలా, ఇంజను ఆపాక లైట్లు కాసేపు వెలుగుతూ ఉండాలా, అలాంటివి. తీగ గుచ్చి, బయట దొరికే సాఫ్ట్‌వేర్‌తో వాటిని మార్చడం నేర్చుకున్నాడు.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి చవక తీగతో తొందరపడి ఒకాయన కారు మీటరు పెట్టెని చంపేశాడు. కొత్తది తెప్పించి బిగించేదాకా అన్నం సహించలేదు. అప్పట్నించీ ఆయన పద్ధతి మారలేదు. ముందు బ్యాటరీకి చార్జరు తగిలించాలి. ఉన్నది ఉన్నట్టుగా ఒక పాత కాపీ దాచాలి. ఒక్కటంటే ఒక్కటే మార్చి, బండి ఒక చుట్టు తిప్పి చూడాలి. అది సరిగా ఉంటేనే రెండోది.

బ్రేకుల జోలికి, ఎయిర్‌బ్యాగుల జోలికి, బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట జోలికి వెళ్ళేవాడు కాదు.

"మాస్టారూ, ఆ గంట పీకేయండి. చెవి కొరుక్కు తింటోంది" అనేవాడు ఒక టాక్సీ డ్రైవరు, వచ్చినప్పుడల్లా.

"తిననీవయ్యా. చెవే కదా, తల కాదుగా."

"మీ చేతిలో పనేగా?"

"లైటు కావాలంటే అడుగు, తాళం కావాలంటే అడుగు. నీ పెళ్ళాం నా షెడ్డు ముందుకొచ్చి ఏడ్చే పని మాత్రం నన్నడక్కు."

కూతురిక్కూడా ఇదే జవాబు. ఆమె ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకుని ల్యాబులో అప్పగించే ఉద్యోగం చేసేది. సొంత కారుంటేనే ఆ ఉద్యోగం. రక్తం గొట్టాలుండే చల్లటి పెట్టె పక్క సీట్లో ఉంటుంది. ఆ బరువుకి కారు అక్కడెవరో మనిషి కూర్చున్నాడనుకుని గంట మొదలుపెడుతుంది. ఇంటింటి దగ్గరా దిగి ఎక్కుతూ, పెట్టెకి బెల్టు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఆమెకి విసుగొచ్చేసింది.

"పెట్టెకి కూడా ప్రాణభయమా నాన్నా?"

"పెట్టె వంకతో నువ్వూ పెట్టుకోవడం మానేశావు. వీధి చివర్నించి చూశాను."

"రెండిళ్ళ దూరానికి కూడానా?"

"గుద్దేవాడు దూరం కొలుచుకుని వస్తాడేంటి?"

ఇలా ఎన్నోసార్లయింది. చివరికి ఒక మధ్యాహ్నం, ఆయన భోజనం చేసి నడుం వాల్చినప్పుడు, ఆమె మేకు మీది తీగ అందుకుంది. చిన్నప్పట్నించీ చూస్తున్న పనే. తలుపు తాళాలూ లైట్లూ ఆయన పక్కన కూర్చుని తనే మార్చింది కూడా. వరండా కిటికీలోంచి వైరు లాగి బ్యాటరీకి చార్జరు తగిలించింది. తాళం తిప్పింది. లాప్‌టాప్‌లో గంట ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక పాత కాపీ సంగతి గుర్తొచ్చింది గానీ, ఒక్కటి మార్చడానికి అదెందుకులే అనుకుంది. మీట నొక్కింది.

తెర మీద గీత సగం దాకా నిండి నిలిచిపోయింది.

మీటర్లో ఎర్రవీ పసుపువీ లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ముళ్ళు చివరిదాకా లేచి దభాల్న పడ్డాయి. తర్వాత అంతా చీకటి. తాళం తిప్పితే ఇంజను కనీసం దగ్గనైనా దగ్గలేదు. చార్జరు వైపు చూస్తే దాని పచ్చ దీపం ఆరిపోయి ఉంది. ఇంతసేపూ తాళం తిప్పి ఉంచిన కారు, ముసలి బ్యాటరీని పీల్చి పిప్పి చేసింది.

అప్పుడే ఫోను మోగింది. సాయంత్రం వెళ్ళాల్సిన మొదటి ఇంటి పెద్దావిడ.

"బయల్దేరావా అమ్మా? మావారు మందు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. నువ్వు రక్తం తీశాకే వేసుకోవాలన్నారుగా డాక్టరుగారు."

"వస్తున్నానండీ, దార్లో ఉన్నాను" అంది. దారీ లేదు, కారూ లేదు. కారు లేకపోతే ఉద్యోగం కూడా ఉండదు. ఈ సంగతి నాన్నకి చెప్పాలి. ఆ మూడింటిలో దేనికి ఎక్కువ భయపడాలో తెలియక స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయింది.

చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనే వచ్చాడు, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసమే జేబులు తడుముకుంటూ. తెర చూశాడు, మీటరు చూశాడు, కూతురి మొహం చూశాడు.

"పాత కాపీ?"

ఆమె తల దించుకుంది.

ఆయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. తిట్టకపోయేసరికి ఆమెకి ఇంకా భయమేసింది. "తిట్టు నాన్నా."

"తిట్లకి రేపు తీరిగ్గా కూర్చుంటాను. ముందా ప్లగ్గు సంగతి చూడు."

ప్లగ్గు ఊడి ఉంది. దాని స్థానంలో ఇస్త్రీ పెట్టె వైరుంది. వాళ్ళమ్మ నొచ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యో, అది మీదేనా? దీని కోటు నలిగిపోయిందని ఇస్త్రీ చేస్తున్నాను."

"మడత బాగా వచ్చిందా?" అన్నాడాయన.

"వచ్చిందండీ."

"అయితే నష్టం లేదు. కారు పోయినా కోటు మిగిలింది."

ఆమెకి నవ్వు రాలేదు. ఆయన చార్జరు మళ్ళీ తగిలించి, బ్యాటరీ తీగ ఒకటి విప్పి పక్కకి వంచాడు. కారు లోపలి పెట్టెలు ఇప్పటిదాకా జరిగింది మర్చిపోవాలి, బ్యాటరీ కాస్త బలం పుంజుకోవాలి, అప్పటిదాకా ముట్టుకోకూడదన్నాడు. ఆమె ముళ్ళ మీద ఉన్నట్టు గేటు దాకా వెళ్ళి వస్తూ ఉంది. వెళ్ళినప్పుడల్లా ఫోను చూసుకుంది. వచ్చినప్పుడల్లా ఆయన్ని చూసింది. ఒకసారి ఆయన పై పెదవి కొరుక్కుంటూ కనిపించాడు. పని తెలిసినప్పుడు ఆయన అలా చెయ్యడు.

"టాక్సీ పిలుచుకుని వెళ్ళవే" అంది తల్లి.

"అన్నిళ్ళ దగ్గరా ఆగుతాడా అమ్మా టాక్సీవాడు? ఇవాళ వెళ్తాను, రేపేం చెప్పను వాళ్ళకి?"

"ఏమండీ, అసలు బాగవుతుందా?"

"ఆగవే."

తీగ బిగించి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా దగ్గరుంది దీని పాత కాపీ. కారు ఇంటికొచ్చిన రోజే తీసి పెట్టాను. నీ సంగతి నాకు తెలీదా? ఇప్పుడు తలుపు తియ్యకు, దేని మీదా చెయ్యి వెయ్యకు, ఇస్త్రీ పెట్టె దగ్గరికి మీ అమ్మని వెళ్ళనీకు."

గీత మొదలైంది. మధ్యలో ఫోను మోగింది. ఆమె దాన్ని గుండెకి అదుముకుని నిలబడింది, ఆ మోతకి కూడా గీత ఆగిపోతుందేమోనన్నట్టు. ఇందాక నిలిచిన చోటికొచ్చింది గీత. అక్కడ తటపటాయించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి దాటేసింది.

మీటరు వెలిగింది. తాళం తిప్పితే ఇంజను ఏమీ ఎరగనట్టు లేచింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"వెళ్ళి మొహం కడుక్కో, కోటేసుకో. ఒకసారి సరిచూసి ఇస్తాను."

లోపల కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే కిటికీలోంచి బెల్టు గంట వినిపించింది. ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, అయిందా?"

"ఆగవమ్మా!"

"అక్కడ పెద్దాయన మందు పెట్టుకుని కూర్చున్నాడు!"

"ఒక్క నిమిషం, తల్లీ."

ఆమె వచ్చేసరికి ఆయన తీగ పీకేసి బయటికొచ్చాడు. ఏ మూలో ఆశ చావక అడిగింది: "తీసేశావా గంట?"

"లేదు."

ఆమె పెట్టెకి ఒక బెల్టూ తనకొక బెల్టూ కసిగా నొక్కింది. ఆయన తీగ చుట్టుకుంటూ నిలబడ్డాడు.

పెద్దాయన ఆ సాయంత్రం మందు వేసుకున్నాడు. మిగతా ఇళ్ళూ అయ్యాయి. ఆమె తిరిగొచ్చేసరికి తండ్రి పడుకున్నాడు. లేపలేదు.

తండ్రి పోయాక మళ్ళీ పనిలోకి వెళ్ళినప్పుడు గంట ఎక్కడో దూరంగా మోగుతున్నట్టుండేది. ఏడ్చి ఏడ్చి చెవులు మొద్దుబారాయనుకుంది. అమ్మ పిలిచినా ఆ రోజుల్లో అలాగే దూరంగా వినిపించేది మరి. చెవులు బాగయ్యాయి, ఫోను మునుపటిలాగే ఉలిక్కిపడేట్టు మోగడం మొదలుపెట్టింది. గంట మాత్రం మెత్తగానే ఉండిపోయింది. అలవాటైపోయిందనుకుంది.

చాలా రోజుల తర్వాత ల్యాబు నుంచి తోటి ఉద్యోగిని కారులో వెళ్ళాల్సి వచ్చింది. అచ్చం తన కారు లాంటిదే, ఆ రంగే. తను పక్క సీట్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుందో లేదో, గంట గయ్యిమని లేచింది. ఆమె అదిరిపడింది.

"ఏంటే ఇంత మోత? చెడిపోయిందా?"

"ఇంత మోతే కదా వీటికి! నీదీ ఇదేగా? మొదట్లో ఎన్ని తిట్లు తిట్టేదానివి దాన్ని!"

ఆ సాయంత్రం ఇంటి ముందు తన కారు ఆపి, బెల్టు తీసి, గంటని మోగనిచ్చింది. పక్క గదిలో పడుకున్నవాళ్ళు లేవకుండా తలుపు తట్టినట్టుంది. అలాగే వింటూ ఉంటే తల్లి వచ్చి కారు కిటికీ మీద చెయ్యి వేసింది.

"నువ్వూ ఆయనలాగే కూర్చున్నావేంటే?"

"నాన్నలాగా?"

"ఆ రోజు నువ్వు కోటేసుకుంటుంటే, మోగించడం, తగ్గించడం, మళ్ళీ మోగించడం. నన్ను పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టారు. 'ఇంత చాలా?' అనడిగారు. నాకేం తెలుసు, చాలన్నాను."