నాకు రాని ఒక్క మార్కు

నిన్న చిక్కబళ్ళాపుర బస్టాండులో ఒకామె కనకాంబరాలు కడుతుంటే తడి అరటినార వాసన వచ్చింది. ఎక్కవలసిన బాగేపల్లి బస్సు కదిలిపోతున్నా నేను అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన ఎవరికైనా దేవుడి గదిని గుర్తు చేస్తుందేమో, నాకు మాత్రం నల్లబల్ల ముందు నార పట్టుకుని నిలబడిన నారాయణప్ప సారు గుర్తొస్తారు. చింతామణిలో డిగ్రీ చదివేటప్పుడు మాకు గణితం చెప్పింది ఆయనే. ఆయన నన్ను చిన్నబుచ్చిన సందర్భాలన్నీ వరసగా చెప్పగలను. మొదటిది మొదటి రోజే జరిగింది.

"ఈ పొద్దు లెక్కపెట్టేది నేర్చుకుందాము" అన్నారాయన. డిగ్రీకొచ్చిన మమ్మల్ని పట్టుకుని! నేను లేచి, "మేమేమన్నా అంగన్‌వాడీ పిల్లోళ్ళమా సార్?" అని అడిగాను. "అట్లయితే చెప్పమ్మా, రెండూ రెండూ నాలుగు ఏంటికి?" అన్నారు. "ఏంటికంటే? నాలుగే కదా సార్!" అన్నాను. తరగతంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను. సారు నవ్వలేదు. సాదలిలోని వాళ్ళింటి నుంచి తెచ్చిన నారను, గుప్పెడు పూలను మేజా మీద పెట్టారు. "ఇది ఉత్త నార. సున్నా అనుకోండి. ఒక పువ్వు కడితే తరవాతి సంఖ్య. ఏ సంఖ్యకైనా తరవాతిది ఒకటి ఉండాది. ఉత్త నార నుంచి ఒక్కొక్క పువ్వే కడతా పోతే అందని సంఖ్యే లేదు. కూడికకు రెండే నియమాలు. ఏ సంఖ్యకైనా సున్నా కలిపితే ఆ సంఖ్యే. కలిపేదాంట్లో ఒక పువ్వు పెరిగితే మొత్తంలోనూ ఒక పువ్వు పెరుగుతాది. మనకిచ్చింది ఇంతే. మిగిలిందంతా మనం తేల్చుకోవల్ల." వాటితోనే నాలుగైదు వరుసల్లో రెండూ రెండూ నాలుగని తేల్చేశారు. కోపంగానే కూర్చున్నాను కానీ చూపు బల్ల మీద నుంచి తిప్పుకోలేకపోయాను. పుట్టినప్పటి నుంచీ గోడల్లా ఉన్నవే అనుకున్న అంకెలను ఒకరు ఒక్కొక్క రాయీ పేర్చి కట్టి చూపిస్తున్నారు.

తరవాత పరీక్ష వచ్చింది. ముప్ఫై అయిదు వస్తే పాస్, నాకు ముప్ఫై నాలుగు. ఆ ఒక్కటి లేకపోతే మళ్ళీ జూనియర్ల మధ్య కూర్చుని రాయాలి. "సున్నాకు ఏ సంఖ్య కలిపినా ఆ సంఖ్యే, ఇది ఇచ్చిన నియమం" అని నేను రాసిన వరుస కింద ఎర్రగీత ఉంది. కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు పోయాను.

"ఇది నీకు ఎవురిచ్చినారమ్మా?" అన్నారు సారు.

"మీరే సార్."

"నేనిచ్చింది సంఖ్యకు సున్నా కలిపేది. నువ్వు రాసింది సున్నాకు సంఖ్య కలిపేది."

"రెండూ ఒకటే కదా సార్! లోకమంతా అట్లే అంటాండాది."

"అయితే పోయి లోకాన్నే మార్కడుగు."

పక్కనున్న ఇద్దరు లెక్చరర్లు పగలబడి నవ్వారు. ఆ మంటతోనే వారం రోజులు బాగేపల్లి, చింతామణి మధ్య బస్సులో అదే ఆలోచించాను. కట్టి ఉన్న మాలకు ఏమీ కలపకపోతే అది అట్లాగే ఉంటుంది, నిజమే. కానీ ఉత్త నారతో మొదలుపెట్టి పూలు కడుతూ పోతే, కట్టినన్ని పూలే అందులో ఉంటాయని ఎలా చెప్పడం? పదికి చూపించవచ్చు, వందకు చూపించవచ్చు, అన్ని సంఖ్యలకూ ఎవరు కట్టి చూస్తారు? ఒక ఉదయం కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తట్టింది. అన్నీ కట్టనక్కర్లేదు. సున్నా దగ్గర సరిపోతుంది, అది ఇచ్చిన నియమమే. ఏదో ఒక సంఖ్య దాకా సరిపోయిందంటే ఇంకొక పువ్వు కట్టినా సరిపోతుంది, రెండో నియమం చెప్పేది అదే. ఇంక ఆగే చోటెక్కడిది? బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

రాసి తీసుకుపోయి ఇచ్చాను. సారు రెండుసార్లు చదివి, "ఒక్క అక్షరం మార్చే పని లేదు" అన్నారు. "మరి మార్కు?" అన్నాను. "ఆ పొద్దు రాసిన కాగితానికి ఈ పొద్దు మార్కెట్ల వేసేదమ్మా?"

ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టాను. నాలుగు రోజులు వరసగా ఆయన గది ముందు నిలబడ్డాను. చివరికి ఆయన సారును పిలిపించి, "ఒక్క మార్కే కదా, వేసి పంపించండి సారూ. ఈ పాపతో నాకు తలనొప్పి అయిపోయింది" అన్నారు. సారు నేను రాసిన కాగితాన్ని ఆయన ముందు పెట్టారు. "నేను వేయను. మీరు వేయాలనుకుంటే ముందు ఇది చదవండి సార్. ఆయమ్మి బాగా చేసింది." ప్రిన్సిపాల్ కాగితం వైపు చూడనే లేదు, పెన్ను మూత తీశారు. నాకు కావలసిన ముప్ఫై అయిదు ఆ పెన్ను కింద ఉంది. "చదవకుండా వేస్తే నాకొద్దు సార్" అన్నాను. ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. కాగితం వెనక్కి తీసుకుని బయటికొచ్చేశాను.

జూనియర్ల మధ్య కూర్చుని మళ్ళీ రాశాను. వాళ్ళు నన్ను 'అర్జీ అక్క' అన్నారు. వాళ్ళ పేర్లూ గుర్తున్నాయి.

సారు ఇప్పుడు లేరు. నేను మాత్రం అర్జీలు మానలేదు. నీళ్ళు రాలేదని, బస్సు ఆపలేదని తాలూకా ఆఫీసుకు రాస్తూనే ఉంటాను. రాసే ముందు కాగితం మధ్యలో గీత గీసి, నేను కళ్ళారా చూసింది ఒక పక్క, దాన్నుంచి నేను తేల్చింది ఒక పక్క పెడతాను. కొన్నిసార్లు రెండో పక్క ఏమీ నిలవదు, ఆ అర్జీ చించేస్తాను. ఆ మార్కు విషయంలో సారుదే తప్పని కూడా చాలాసార్లు రాసి చూశాను. ప్రతిసారీ మూడో వరుస దగ్గర, నాకెవరూ ఇవ్వని మాట ఒకటి వచ్చి కూర్చుంటుంది. దాన్ని కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి రాస్తాను.