రాగి కాగుతో నడిపిన లాంచి

మమ్మల్ని దింపిన చోట రేవంటూ లేదు. బురద గట్టు, దాని మీద తాటాకు కప్పిన పొడుగాటి పాక, పాక ముందు జెండా కర్ర. పోలవరానికి కొంచెం ఎగువన ఉన్న మా ఠాణా అదే. శ్రావణ మాసం. పొద్దున మొదలైన వాన ఇంకా తగ్గలేదు. మనిషికో తుపాకీ, ఒక కంబళి, ఒక చెంబు. నా సంచిలో ఇంకా కొన్ని ఉన్నాయి: పట్టకారు, అతుకులు వేసే టంకం కడ్డీ, టంకం పట్టడానికి రాసే నవసాగరం ముక్క. మాది పాలకొల్లులో కంచరి పని చేసే ఇల్లు. సిపాయినైనా ఆ సామాను వదల్లేదు. పల్టనులో గిన్నె చిల్లు పడినా, తుపాకీ పట్టీ ఊడినా నన్నే పిలిచేవారు.

మా పని మన్యంలోని పైఠాణాలకు పోయే బియ్యాన్నీ మందుల్నీ కాపలా కాయడం. వాటిని మోసే లాంచిని కాపాడటం కూడా మా పనే. ఆ లాంచి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల నాటిది. టేకు చెక్క. ఒకప్పుడు ఆవిరితో నడిచేదట. బాయిలరు పాడైతే తీసేసి, కిరసనాయిలు ఇంజను పెట్టారు. నూనె పోసే టాంకు మాత్రం అంతకు ముందు ఏ పడవలోనో వాడి తీసేసిన ఇనప పెట్టె. వెనక బల్ల కింద ఉండేది. దాన్ని నడిపే సరంగు నరసాపురం మనిషి, యాభై దాటినవాడు.

"ఇంజను మీద నాకు బెంగ లేదండి. ఆ పెట్టె మీదే బెంగ" అన్నాడు మొదటి రోజే.

ఆ బెంగ నిజమైన రోజు గోదావరి ఎర్రగా పొంగి ఉంది. తెల్లవారేసరికి గట్టు మెట్లు సగం మునిగాయి. పొద్దున్నే కాపలా మారి లాంచి దగ్గరకు వెళ్ళాను. ముక్కు పగిలేలా కిరసనాయిలు వాసన. లాంచి చుట్టూ నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. వెనక బల్ల ఎత్తి చూశాను. టాంకు అడుగున అతుకు విచ్చుకుని, నూనె సన్నటి ధారగా పడవ అడుగుకు దిగుతోంది.

మా హవల్దారు గారికి చెప్పేలోపే గట్టు మీద కేకలు వినిపించాయి. పక్క ఊరి జనం పరిగెత్తుకొచ్చారు. ముందు ఒకావిడ. పేరు మంగమ్మ అని తరవాత తెలిసింది.

"బాబుగారూ, లంక మునిగిపోతోందండి! మావాళ్ళు గొడ్ల కోసం నిన్న సాయంత్రం వెళ్ళి అక్కడే ఉండిపోయారు. పశువుల పాక ఎక్కి కూర్చున్నారండి. మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు."

గట్టెక్కి చూస్తే కనిపించింది. దిగువన, ఏటి నడిమధ్య, పాక కప్పు. దాని మీద మనుషులు. తెడ్డు పడవ అక్కడికి కొట్టుకుపోగలదు. ఏటికి ఎదురు తిరిగి రావడం దానివల్ల కాదు.

హవల్దారు గారు పెద్దాపురం మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడేవారు.

"చారీ, టాంకు అతుకు పడుద్దా?"

"చూస్తానండి."

"చూడ్డం కాదు. నీళ్ళు కప్పుకి జానెడు దూరంలో ఉన్నాయి."

మిగిలిన నూనె డబ్బాల్లోకి తోడాం. టాంకు విప్పి గట్టుకు చేర్చాం. నూనె తాగిన పెట్టె దగ్గరకు నిప్పు తేకూడదు. లోపల నిలిచిన ఆవిరి ఒక్కసారిగా అంటుకుంటుంది. అందుకని అంచు దాకా నీళ్ళు నింపి, వంచి, మళ్ళీ నింపాను. అతుకు పక్కన తుప్పు గీకుదామని కత్తి ఆనించాను. కత్తి లోపలికి దిగిపోయింది. ఇంకో చోట గీకాను. అక్కడా అంతే. అది ఇనుము కాదు, తుప్పు పొర. టంకం పట్టడానికి లోహమే లేదు.

"ఇది అవదండి" అన్నాను.

"అయితే ఏది అవుద్ది?"

చుట్టూ చూశాను. కిరసనాయిలు డబ్బాల రేకు మరీ పల్చన, ఇంజను అదురుకు ఆగదు. "దళసరి రాగి పాత్ర ఏదైనా కావాలండి. మూతి చిన్నదిగా ఉండాలి. రెండు డబ్బాల నూనె పట్టాలి."

మంగమ్మ అప్పటికే వెనక్కి తిరిగి పరిగెత్తుతోంది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడా ఇంకో ఆడమనిషీ కలిసి నీళ్ళు కాచుకునే రాగి కాగును మోసుకొచ్చారు. అడుగు మసి పట్టి ఉంది. వేడినీళ్ళు పారబోసి తెచ్చినా లోపలి నుంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"దీనికి చిల్లు పెట్టాలమ్మా" అన్నాను.

"పెట్టండి బాబుగారూ. పగలగొట్టినా ఏమీ అనను. ఆయన్ని తీసుకురండి చాలు."

ఠాణా పాక చూరు కింద కుంపటి పెట్టించాను. ఒక సిపాయి విసనకర్రతో విసురుతుంటే కాగు అడుగుకు కాస్త పైన, పక్కన, చిల్లు పొడిచాను. పాత టాంకుకున్న ఇత్తడి గొట్టం ఊడదీసి ఆ చిల్లుకు బిగించి టంకం పోశాను. మొదటిసారి పట్టలేదు. మసి మీద టంకం బొట్లుబొట్లుగా జారిపోయింది. ఇసకతో రుద్ది, నవసాగరం రాసి, మళ్ళీ కాల్చాను. ఈసారి టంకం మెరుస్తూ చుట్టూ పాకింది. నీళ్ళు పోసి చూశాం. ఒక్క చుక్క కూడా కారలేదు.

"ఎన్నాళ్ళు ఆగుద్ది?" అన్నాడు సరంగు.

"నాళ్ళ సంగతి తెలీదు. ఈ పూట ఆగాలి."

కాగును వెనక బల్ల మీద పెట్టి తాళ్ళతో కట్టాం. మూతికి పళ్ళెం, దాని మీద తడి గోనె. పడవ అడుగున కారిన నూనెను బూడిద చల్లి ఎత్తిపోశాం. అయినా వాసన పోలేదు. ఇంజను నడవాలంటే ముందు దాని తలకాయను గాలి కొట్టి వెలిగించే దీపం మంటతో కాల్చాలి. ఆ మంటకూ కాగుకూ మధ్య బారెడు దూరం.

"దీపం వెలిగించేటప్పుడు అందరూ దిగిపోండి" అన్నారు హవల్దారు గారు. ఆయన మాత్రం దిగలేదు. అతుకు చూసుకోవాల్సింది నేనే కాబట్టి నేనూ దిగలేదు. సరంగు అగ్గిపుల్ల గీశాడు. భగ్గుమనలేదు. దీపం నీలంగా బుసకొడుతూ మండింది. ఇంజను తలకాయ ఎర్రబడే దాకా తడి గోనెను కాగు మూతి మీద అదిమిపట్టాను. చక్రం తిప్పగానే రెండుసార్లు దగ్గి అందుకుంది.

హవల్దారు గారు ముందు వెదురు గడతో నిలబడ్డారు. సరంగు చుక్కాని పట్టాడు. నేను వెనక బల్ల మీద కాగును వాటేసుకుని కూర్చున్నాను. అతుకు వెనక వైపు ఉంది. దాన్ని కనిపెట్టి ఉండాలంటే పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాల్సిందే.

"దుంగ! ఎడమ!" ముందు నుంచి కేక. మన్యం నుంచి కొట్టుకొచ్చిన చెట్టు, వేళ్ళతో సహా, మా పక్కనుంచి పోయింది. లాంచి అదిరింది. అతుకు దగ్గర వేలికి తడి తగిలింది. చూస్తే చుక్క. తుడిచాను. మళ్ళీ చుక్క.

"కారుతోందండి!"

"ఏం కావాలి?"

"సబ్బు ఉందా?"

హవల్దారు గారు గడ వదలకుండానే సంచి వెనక్కి విసిరారు. సబ్బు పిసికి అతుకు చుట్టూ మెత్తి, బొటనవేలితో అదిమిపట్టాను. కిరసనాయిలుకు సబ్బు కరగదు. చుక్క ఆగింది. వేలు తీస్తే మళ్ళీ వచ్చేది. ఇక తియ్యలేదు.

లంక మీది పాక దగ్గరకు చేరేసరికి నీళ్ళు చూరు తాకుతున్నాయి. సరంగు ఇంజను ఆపకుండా ప్రవాహానికి ఎదురు పెట్టి లాంచిని నిలబెట్టాడు. ఒక్కొక్కరే దిగారు. తొమ్మిది మంది. ఆ బరువుకు లాంచి అంచు నీటికి బెత్తెడు ఎత్తులోకి వచ్చింది. ఆఖరున దిగినవాడు సూరన్న, మంగమ్మ భర్త. దిగే ముందు పాక లోపలికి వంగి, మెడ దాకా నీళ్ళలో ఉన్న గేదె పలుపు కొడవలితో కోశాడు. మిగతావి అంతకు ముందే కొట్టుకుపోయాయట.

లాంచి తిరిగింది. గేదె వెనకే బయటికి వచ్చింది.

"అయ్యా, ఒక్క క్షణం ఆపండి. పలుపు కడతాను, ఈదుకుంటూ వచ్చేద్ది" అన్నాడు సూరన్న.

సరంగు హవల్దారు గారి వైపు చూశాడు. ఇంజను నిదానిస్తే ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ కాల్చి తిప్పేసరికి మేము ఏ ధవళేశ్వరం దగ్గరో తేలుతాం.

"ఆపొద్దు" అన్నారు హవల్దారు గారు. సూరన్న వైపు తిరిగి, "నన్ను తిట్టుకో అబ్బాయ్" అన్నారు.

సూరన్న తిట్టలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెనక్కి చూడకుండా కూర్చున్నాడు.

పొద్దు గుంకక ముందే ఠాణా గట్టుకు చేరాం. మంగమ్మ మొగుణ్ణి పట్టుకుని అరిచి, కొట్టి, ఏడ్చింది. వరద తీశాక రాజమండ్రి నుంచి కొత్త టాంకు వచ్చింది. కాగు చిల్లు మూసి, కళాయి పోసి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. "ఎంత తోమినా గాసునూనె కంపేనండి" అని నవ్వింది ఆవిడ. దసరా వెళ్ళాక మా వంతు అయిపోయింది. పడవలో రాజమండ్రికి, కాలవ మీద పాలకొల్లుకి వచ్చేశాను.

ఇంటికొచ్చిన కొత్తలో అందరూ ఒకటే అడిగేవారు, ఎన్నిసార్లు తుపాకీ పేల్చావని. ఒక్కసారి కూడా పేల్చలేదు. అది వినగానే వాళ్ళకు ఇక అడగడానికి ఏమీ ఉండేది కాదు. ఆ గేదె సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రోజు పడవలో వెనక్కి తిరిగి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అతుకు మీద వేలు తియ్యడానికి లేదు, మొహం తిప్పుకోవడానికి లేదు. ఎర్రటి నీళ్ళ మీద రెండు కొమ్ములు, రెండు ముక్కుపుటాలు. మనుషులున్న వైపే వస్తోంది. అరవడం లేదు. మేము మలుపు తిరిగితే అదీ తిరిగింది. కొంతసేపు దగ్గరయింది కూడా. దాని కళ్ళు నా వైపే ఉన్నాయి. మా ఇద్దరి మధ్యకు ఒక చెట్టు కొట్టుకొచ్చింది. చెట్టు దాటిపోయింది. దాని వెనక ఉన్నవి నీళ్ళే.