ఒకే స్టడ్డు, రెండు దేశాలు

2014 మే నెలలో కెనడాలో, ఒంటారియోలోని ఒక సైనిక మ్యూజియం పని నాకు అప్పగించారు. అప్పుడు నేను అక్కడి వాటర్లూ నగరంలో ఒక ఇంజనీరింగు సంస్థలో సీనియర్ ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుని. నా సంతకం పడితేగాని మరమ్మతు ముందుకు సాగదు.

మరమ్మతు చేయాల్సింది మార్క్ ఎయిట్ ట్యాంకుకి. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటన్, అమెరికా కలిసి రూపొందించినది. కవచమూ ఫిరంగులూ బ్రిటన్ వాటా, ఇంజనూ గేర్లూ అమెరికా వాటా, కూర్పు ఫ్రాన్సులో అని ఒప్పందం. అది అమలయ్యేలోపే యుద్ధం ముగిసింది. అమెరికాలో తయారైన కొన్నింటిని రెండో యుద్ధంలో కెనడా శిక్షణ కోసం తెచ్చుకుంది. మ్యూజియం షెడ్డులో దాన్ని మొదటిసారి చూసి నోరు వెళ్లబెట్టాను. దాదాపు సిటీ బస్సంత పొడవు. ఇంజను వేడీ పొగా సిబ్బందికి తగలకుండా మధ్యలో గోడ కట్టారు. అంత యుద్ధం మధ్యలో మనిషి ఊపిరి గురించి ఆలోచించినవాళ్లకు మనసులోనే దండం పెట్టాను.

వర్క్‌షాపు అధిపతి డేనియల్ ఏళ్ల తరబడి దాని ఇంజనుకు ప్రాణం పోస్తున్నాడు. చిక్కు ఆఖరున వచ్చింది. ఇంజనును ట్యాంకు దేహానికి పట్టి ఉంచేవి స్టడ్లు, అంటే తల లేకుండా రెండు చివరలా మర ఉన్న బోల్టులు. పాతవి తుప్పు పట్టాయని, శుభ్రంగా ఉన్న చివర కొలిచి కొత్తవి చేయించాడు. అవి ఇంజను వైపు చక్కగా ఎక్కాయి, రెండోవైపు, ట్యాంకు దేహానికున్న బ్రాకెట్టులో నాలుగు చుట్లకే బిగుసుకున్నాయి. బ్రాకెట్టు రంధ్రాల్లో మర దెబ్బతింది, కొత్తగా కోయడానికి సంతకం పెట్టమన్నాడు. ఆ బ్రాకెట్టు పోత ఇనుము. పగిలితే కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుంది, ఆ ఇంజను మళ్లీ తిరగదు. పెట్టకపోతే అతని శ్రమ అక్కడే ఆగిపోతుంది. చివరికి పెన్ను తీశాను.

నాతో వచ్చిన లోహ నిపుణురాలు రమణి గారిది గుంటూరు. ఆవిడ నా చెయ్యి ఆపారు.

“సంతకం ఎక్కడికీ పోదు లెండి. పాత స్టడ్ ఒకటి క్లీన్ చేసి, రెండు ఎండ్సూ మెజర్ చేద్దాం.”

తుప్పు వదిలాక రెండు చివరల మీదా మర చుట్లు కొలిచే థ్రెడ్ గేజి పెట్టాం. ఇంజను వైపు అంగుళానికి పదమూడు చుట్లు, అమెరికా ప్రమాణం. బ్రాకెట్టు వైపు పన్నెండు, బ్రిటన్ ప్రమాణం. మరొకటి తీశాం. అదీ అంతే. ఎవరి కొలత వారు వదలకుండా ఉండిపోతే, ఎవరో పేరు తెలియని ఇంజనీరు ఒకే ముక్కకు రెండు దేశాల మర కోసి మధ్యలో నిలబెట్టాడు. డేనియల్ దాన్ని అరచేతిలో తిప్పి చూసి, కొత్తవి అలాగే చేయిస్తానన్నాడు.

రిపోర్టులో రంధ్రాలు ముట్టవద్దని రాసి సంతకం చేశాను. ఆగస్టులో ఇంజను స్టార్టయింది. కాళ్ల కింద కాంక్రీటు అదిరింది, ఆ మోతలో రమణి గారి మాట నాకు వినబడలేదు.

కలిసి పనిచేయడమంటే ఎవరో ఒకరు తమ కొలత మార్చుకోవడమని నేను అప్పటిదాకా నమ్మాను. ఆ తరువాత పదవీ విరమణ దాకా, ఏదైనా సరిపోవడం లేదని ఎవరు చెప్పినా రంధ్రం జోలికి పోకముందు ఒకటే అడిగాను: రెండో చివర కొలిచారా?