పన్నెండడుగుల సింహం

పదేళ్లుగా ఊరందరి ఇళ్లకూ ప్లాన్లు గీసిన మోహన్‌రాజ్‌కు సొంత ఇంటి ప్లాను గీసుకునే రోజు ఇప్పటికి వచ్చింది. వాషర్‌మెన్‌పేట్‌లో తాతగారి పెంకుటిల్లు కూలగొట్టగా మిగిలిన జాగా. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు. వీధివైపు పన్నెండడుగుల వెడల్పు, వెనక్కి పోయేసరికి పదిన్నర. అంత ఇరుకులోనూ నడుమ నాలుగడుగుల చదరం కప్పు లేకుండా వదిలి, ఓటీఎస్ అని రాశాడు. ఓపెన్ టు స్కై. దాని పక్కనే భార్య వాసంతి కుట్టుమిషను. ఇప్పటి అద్దెగదిలో ఆమె మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునే సూదిలోకి దారం ఎక్కిస్తుంది. ముప్పై నిండకుండానే కళ్లు మసకబారుతున్నాయి.

జాగాలో సగం పెదనాన్న ధర్మలింగానిది. ఆయన సంతకం లేనిదే ప్లాను కార్పొరేషన్ ఆఫీసు గడప ఎక్కదు. ఆయన టేపు పట్టి ముందూ వెనకా కొలిచి, కాగితం మడిచేశాడు.

“ముందు వెడల్పు, వెనక సన్నం. ఇది సింహముఖంరా. అంగడికైతే సరి. కాపురానికి ఆవుమొహం కావాల, ముందు సన్నంగా.”

“రెండు పక్కలా గోడలుండాయి పెదనాయనా. సాగదీసేదానికి జాగా ఏమన్నా రబ్బరా?”

“సాగదీయొద్దు, కొయ్యి. ముందర వెడల్పులో రెండడుగులు వదిలేసి గోడ కట్టు, పదే మిగులుతాది. అప్పుడు పెడతా సంతకం.”

చెప్పిన మనిషి కొళత్తూరులో నాలుగువైపులా కిటికీలున్న ఇంట్లో ఉంటాడు. ఆ మాట మోహన్‌రాజ్ నోటిదాకా వచ్చి ఆగింది. ఎందరి ఇళ్లకో వాస్తు పేరుతో ఇదే కోత తానూ నోరెత్తకుండా కోశాడు. ఎవరి గదిలో చీకటి పడిందో ఏనాడూ అడగలేదు.

ముందర వెడల్పులో రెండడుగులు పోతే అక్కడ అనుకున్న మెట్లకు చోటు లేదు. మూడు రోజులు గీసి చెరిపాడు. ఎటు తిప్పినా మెట్లు వచ్చి ఆ నడిమి చదరంలోనే పడ్డాయి.

వాసంతి కాగితం మీద వేలు పెట్టింది. “ఈడ ఆకాశం అంటివే?”

“మెట్లొచ్చినాయి.”

“పెదమామ సంతకం పెట్టినారా?”

“పెట్టినాడు. నువ్వు బాగుండావా అని కూడా అడిగినాడు.”

ఆమె వేలు మెట్ల గీతల మీంచి మిషను గుర్తు మీదికి జరిగింది. “సరి. మిషను కాడ స్విచ్చి ఏ పక్క వస్తాది?”

మోహన్‌రాజ్ పెన్సిలు తీసి, ఆమె కూర్చునే చోటుకు ఎడమవైపు గోడ మీద ట్యూబ్‌లైటు గుర్తు వేశాడు. గీత వంకరపోయింది. చెరిపి మళ్లీ వేశాడు.