ప్యాడ్లు ఒక్కటేనా, డిస్కులు కూడానా?

మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్క, డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. స్కూలంటే హంగూ ఆర్భాటం ఏమీ ఉండవు. ఇంటి ముందుగది, ఒక బల్ల, ఒక తెల్ల కారు, ఆవిడ నోరు. అంతే. నేను వదినా అంటాను, వీధంతా బ్రేకక్క అంటుంది. ఎందుకంటే కొత్తవాళ్లు కారెక్కగానే ఆవిడ చెప్పే మొదటి మాట, "నడపడం ఎవరైనా నేర్పుతారు. నేను ఆపడం నేర్పుతాను." అన్నయ్యగారు పోయాక ఆవిడ లోకమంతా ఆ కారే.

అలాంటి మనిషి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ మధ్య వరసపెట్టి లైసెన్సు పరీక్ష తప్పుతున్నారు. అదీ బ్రేకు దగ్గరే! పరీక్షకిచ్చే కారు వేరు, ఆఫీసువాళ్లది. గీత దగ్గర ఆపమంటే మావాళ్లు గీత దాటేసి ఆగుతారు. నేనూ దాటాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మా ఆయన అయితే వారం రోజులు నవ్వాడు.

వదిన మాత్రం నవ్వలేదు. "ఈసారి నువ్వు కూడా తప్పితే కారు అమ్మేసి ఇంట్లో కూర్చుంటాను. నేర్పడం చేతకానిదాన్ని, ఊరి జనం ప్రాణాలతో ఆటలెందుకు నాకు?" అంది. పళ్లెం ముందు కూర్చుని అంది, తినకుండానే లేచిపోయింది.

తప్పు తన కారుదేనని, దాని బ్రేకు బాగోకే మాకు సరైన అలవాటు పడలేదని ఆవిడ అనుమానం. బ్రేకు వేస్తే పెడలు కాలికింద వణుకుతుంది, చక్రాల దగ్గర కీచుమంటుంది. మొన్నమొన్ననే ప్యాడ్లు మార్పించింది. ప్యాడ్లంటే, చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కును రెండు పక్కలా నొక్కిపట్టి ఆపే బిళ్లలు. అవి అప్పుడే అరిగిపోయాయట. ఇక చూసుకోండి, ఇంట్లో మహాసభ మొదలు. ప్యాడ్లు మారిస్తే చాలా, డిస్కులు కూడా మార్చాలా?

"డిస్కుల నిండా గాట్లేనమ్మా. ఆ గరుకు మీద కొత్త ప్యాడు రుద్దుకుంటే ఎన్నాళ్లుంటుంది? రెండూ కలిపి మార్చెయ్యండి," అన్నాడు షెడ్డు మేస్త్రి.

"డిస్కు మందంగా ఉంటే ఎందుకక్కా దండగ? మేస్త్రికేం, విప్పడమంటే సరదా," అన్నాడు స్పేర్ పార్టుల కొట్టాయన. అమ్ముకునేవాడే వద్దంటున్నాడంటే నిజమే అయ్యుంటుందని వదిన ఇంటికొచ్చేసింది.

ఇంట్లో మా ఆయన కాచుకుని కూర్చున్నాడు. "అక్కా, ముందు చక్రాలకి డిస్కులు, వెనక చక్రాలకి ప్యాడ్లు వేయించు. మధ్యేమార్గం." సైకిలు గొలుసు ఊడితే ఎక్కించడం రాని మనిషి ఈయన! "నువ్వు నోర్మూసుకోరా," అని అక్క. "నా మాట ఎప్పుడు విన్నావు గనక," అని తమ్ముడు. మధ్యలో నా బుర్ర గిర్రున తిరిగింది.

చివరికి పంటి డాక్టరు కుర్చీలో కూర్చుని ఆయన్నీ అడిగిందట. "పన్ను అరిగితే పన్ను మారుస్తామండీ, దవడ మార్చం కదా," అన్నాడాయన. ఆ ముక్క పట్టుకుని ఇంకొన్నాళ్లు తిరిగింది. రాత్రి ప్యాడ్లు చాలనుకునేది, పొద్దున లేచి రెండూ అనేది. మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆఖరికి మేస్త్రి చక్రం విప్పి డిస్కును కొలిచి చూపించాడు. ఉండాల్సిన మందం లేదు, పైగా వేడికి కమిలి నీలం తిరిగింది. ఇక వాదనేముంది, రెండూ కలిపే మార్చారు. "కొత్తవి కదమ్మా, ఒకదానికొకటి సర్దుకోవాలి. మెత్తగా తొక్కండి. తొక్కిపట్టి మాత్రం నడపొద్దు," అన్నాడు. కారు తనే నడుపుకుంటూ వచ్చిన వదిన గుమ్మంలోంచే కేకేసింది. "వణుకూ లేదు, కీచూ లేదు! వెన్నలా ఆగుతోందే!"

మర్నాడు నన్నెక్కించుకుని గోడౌను వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లింది. రెండు చుట్లు తిరిగానో లేదో, ఏదో మాడిన వాసన.

"తొక్కిపట్టొద్దన్నాడుగా! కాలు తియ్యవే బ్రేకు మీంచి!"

"నా కాలు అక్కడ లేదు వదినా!"

"నాకే ఎదురు చెప్తావా?"

నాకు ఒళ్లు మండింది. కిందికి చూశాను. నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. బ్రేకు పెడలు మాత్రం ఎవరూ తొక్కకుండానే కిందికి దిగి ఉంది! నేర్పే కారు కాబట్టి వదిన సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ రెండూ కలిపే ఉంటాయి, అది నొక్కితే ఇదీ దిగుతుంది. అటు చూశాను.

"వదినా, మీ కాలు."

తన కాలిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకుంది. తీసేసింది. కారు వేగం అందుకోగానే ఆ కాలు మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంది. "నేను తొక్కట్లేదే," అంది, తొక్కుతూనే.

కారాపేశాను. కిందటి వానాకాలం నేర్చుకోవడానికొచ్చిన ఒకాయన ఈ కారులోనే బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి పాల దుకాణం గోడకు గుద్దాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది వదినే. ఇప్పుడు పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

"అప్పట్నుంచీ భయమేనే నాకు. ఎవరికీ చెప్పలేదు. మీరందరూ చక్కగా ఆపుతున్నారనుకున్నాను. ఆపింది నేనా?"

మేం కాలు ఆనిస్తే చాలు, కారు ఆగేది. అదే బ్రేకు వెయ్యడమనుకున్నాం. నలుగురిలో తలొంచుకున్నది నేను, కోపం రావాల్సిందే. ఆవిడ మొహం చూస్తే మాత్రం రాలేదు.

వదిన చెప్పులు విప్పింది. రెండు కాళ్లూ పైకి లాక్కుని సీట్లో బాసింపట్టు వేసుకుంది. పాదాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"పద," అంది.

నేల మీద సుద్దతో గీసిన గీత వైపు పోనిచ్చాను. మొదటిసారి అలవాటు కొద్దీ మెల్లిగా ఆనించి, దాటేశాను. "అమ్మో!" అని అరిచింది గానీ కాళ్లు దించలేదు. వెనక్కి తీసుకెళ్లి మళ్లీ వచ్చాను. ఈసారి తొక్కాను, నిజంగా తొక్కాను. కారు గీతకు ఇవతలే ఆగింది.

వదిన కళ్లు మూసుకునే ఉంది. "ఇప్పుడు ఆపింది నువ్వా, నేనా?" అనడిగింది.

"నేనే వదినా."

కళ్లు తెరిచి గీత వంక చూసింది.

"ఏదీ, ఇంకోసారి ఆపు," అంది.