నలుపు పోయిన పాన్‌దాన్

నాకు ఓపిక తక్కువ. ఇంట్లో వాళ్ళు చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. నేను ఒప్పుకోవడానికి మాత్రం బీదర్ దాకా రావలసి వచ్చింది.

ఇక్కడి ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి జహీరాబాద్ నుంచి వచ్చి అప్పటికి ఆరు నెలలు. పైవాటాలో నేను, కింద ఇంటావిడ. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. వాళ్ళు తరతరాలుగా ఈ వైపు పల్లెల్లో సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. నేను ఆమెను పెద్దమ్మా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. వచ్చిన కొత్తలో నాకు జ్వరం తగిలితే, మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకూ ఆగుతూ మూడు రోజులు జొన్నగట్క పైకి మోసింది. ఆమెకు నేనూ ఏదైనా చేయాలని లోపల ఒకటే తొందర. అసలు ఆ తొందరే నా కొంప ముంచింది.

ఒక సోమవారం పొద్దున్నే పాత తువ్వాలలో ఏదో చుట్టుకుని పైకి వచ్చింది.

"సున్నమేసేటోళ్ళు వస్తున్నరు టీచరమ్మా. సామాను అటిటు ఇసిరేస్తరు. నేను హుమ్నాబాద్ల బిడ్డ తాన ఉండి బేస్తారం సాయంత్రం వస్త. గిది మా అమ్మది. నీ దగ్గరుంటే నాకు ఫికరుండది."

విప్పి చూస్తే పాన్‌దాన్. రెండు అరచేతుల్లో పట్టేంత గుండ్రటి పెట్టె, లోపల ఆకుకూ వక్కకూ సున్నానికీ చిన్న చిన్న అరలు. పంటినొప్పి వల్ల పెద్దమ్మ ఆకు వేసుకోవడం ఎప్పుడో మానేసింది, ఆ అరల్లో ఇప్పుడు సూదులూ గుండీలూ ఉన్నాయి. పెట్టె మొత్తం మసి నలుపు. దాని మీద తీగలూ పువ్వులూ ఉన్నాయో లేవో అన్నట్టు కనిపిస్తున్నాయి. మూత ముందు అంచున మాత్రం బొటనవేలంత మేర నలుపు పోయి తెల్లటి లోహం మెరుస్తోంది.

ఆ తెల్లటి చోటే నన్ను మోసం చేసింది. లోపలంతా ఇలాగే తెల్లగా ఉంటుంది కాబోలు, పైనున్నది మురికి అనుకున్నాను. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుందని ఏటా పాఠం చెప్పేదాన్ని నేనే కదా. ఇది వెండి పెట్టె, పాపం తోమే ఓపిక లేక నల్లబడిపోయింది అని తీర్మానించేశాను. ఆమె తిరిగొచ్చేసరికి తళతళలాడుతూ చేతిలో పెడితే ఎంత సంబరపడుతుందో అనుకున్నాను.

మంగళవారం కాలేజీకి సెలవు. సూదులూ గుండీలూ ఒక గిన్నెలోకి తీసి, చింతపండు నానబెట్టి, గుప్పెడు ఉప్పు కలిపి, కొబ్బరి పీచుతో మొదలుపెట్టాను. మా అమ్మ దేవుడి సామాన్లు తోమే పద్ధతి అదే. నల్లటి నీళ్ళు కారుతుంటే నాకు భలే హుషారు వచ్చింది. కిందా మీదా, లోపలా బయటా, ఎక్కడా వదల్లేదు. చేతులు మంట పుట్టే దాకా తోమి, కడిగి, తుడిచి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను.

పువ్వులు లేవు.

పెట్టె తెల్లబడింది, నిజమే. కానీ మొత్తం ఒకటే బూడిద తెలుపు. ఎటు తిప్పినా తీగ కనిపించదు, ఆకు కనిపించదు. వేలితో తడిమితే అక్కడక్కడా గీతల్లా తగులుతోంది, అంతే. అప్పుడు అర్థమైంది. అది వెండి పెట్టె కాదు, బిద్రీ పెట్టె. ఒళ్ళంతా జింకు, అందులో చిటికెడు రాగి. పువ్వులు మాత్రమే వెండి. ఆ నలుపు మురికి కాదు, కావాలని జింకుకు పట్టించిన రంగు. బీదర్‌లో ఉంటూ, రోజూ బిద్రీ దుకాణాల ముందు నుంచే కాలేజీకి పోతూ, బిద్రీని గుర్తుపట్టలేకపోయాను. దుకాణాల్లో నలుపు మీద వెండి ధగధగలాడుతుంది. ఇందులో వెండి కూడా ఏళ్ళ తరబడి నల్లబడి జింకు నలుపులో కలిసిపోయింది. అలా అనుకుని సర్దుకుందామన్నా మనసు ఒప్పలేదు. చేతిలో పట్టుకున్నప్పుడైనా తెలియాలి కదా! అంతే పరిమాణమున్న వెండి జింకుకు దాదాపు ఒకటిన్నర రెట్ల బరువుంటుంది.

ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, వారం కిందటే బోర్డు మీద జింకునూ వెండినీ పక్కపక్కన రాసి పాఠం చెప్పాను. జింకు తాను కరిగిపోయి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది, అందుకే బకెట్లకూ రేకులకూ దాని పూత. టార్చి సెల్లు డొక్కు కూడా అదే. వెండి అలా ఎవరి కోసమూ కరగదు, కరెంటును అన్నిటికన్నా బాగా పోనిస్తుంది, పట్టీలవుతుంది, మిఠాయి మీద అంటించే వరఖ్ రేకు అవుతుంది. పొయ్యిలో బొగ్గు వేడికే జింకు కరిగిపోతుంది, వెండికి దానికి రెట్టింపుకు పైగా వేడి కావాలి. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, రెండూ తెల్లవే కదా మేడం, ఎట్లా గుర్తుపట్టాలి అని అడిగింది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే తెలిసిపోతుంది, జింకు తట్టుకోలేదు, వెండి కదలదు అని గొప్పగా చెప్పాను. అలాంటి ఆమ్లమే చింతపండు రూపంలో నా చేతిలోకి వచ్చేసరికి నా చదువు ఏ గంగలో కలిసిందో!

ఆ సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. "పెట్టె మంచిగున్నదా?"

"ఉంది పెద్దమ్మా," అన్నాను. అన్నాక కూర్చోలేకపోయాను. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ కిటికీకీ మధ్య తిరిగాను. బేస్తవారం సాయంత్రానికి ఆ నలుపు తిరిగి రావాలి. రాకపోతే ఆమె ముఖం ఎలా చూడను?

బుధవారం రెండు క్లాసుల మధ్య ఆటో ఎక్కి బిద్రీ పనివాళ్ళ వీధికి పరుగెత్తాను. కళ్ళద్దాలకు దారం కట్టుకున్న ఒక ముసలి ఉస్తాద్ పెట్టెను తిప్పి తిప్పి చూశాడు.

"చింతపండా, నిమ్మకాయా?" అన్నాడు.

"చింతపండు," అన్నాను. తల కొట్టేసినట్టయింది.

"అందరు గదే చేస్తరు మేడం. గిది జస్త్, మీరు జింకు అంటరు గద. పులుపు దీనికి దుష్మన్. పరేషాన్ కాకున్రి, నలుపు మళ్ల వస్తది. ముందుగాల రుద్ది సాపు చెయ్యాలె, జర టైం పడ్తది."

రేపు సాయంత్రానికి కావాలి, ఒక్క గంట కూడా ఆలస్యం కాకూడదు అన్నాను. ఇంకో క్లాసుకు పది నిమిషాలే ఉంది. ఆటో అతను బయట హారన్ కొడుతున్నాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాక ఉస్తాద్ వెనక్కి పిలిచాడు.

"మేడం, మూత అంచుకు జర లోతుగ అరిగింది. గిది గూడ సాపు చెయ్యాల్నా?"

"అన్నీ చేయండి. ఎక్కడా మచ్చ ఉండొద్దు. కొత్తదానిలా కావాలి," అని విసుక్కుంటూనే ఆటో ఎక్కేశాను.

బేస్తవారం ఒంటిగంటకే పోయి ఆయన ముందు కూర్చున్నాను. పెట్టె నున్నగా ఉంది, కానీ అప్పటికీ బూడిద రంగే. బీదర్ కోటలో ఎండా వానా తగలని పాత గోడల కింద నుంచి తెచ్చిన మట్టిని ఆయన చిటికెడు నాలుక మీద వేసుకుని చూశాడు, పనికొస్తుందని తల ఊపాడు. నవాసారం, మా భాషలో అమ్మోనియం క్లోరైడ్, కలిపిన నీళ్ళలో ఆ మట్టిని కాచి, పెట్టెను ముంచి తిప్పుతూ రుద్దాడు. నేను చూస్తుండగానే జింకు కాటుక నలుపు తిరిగింది. అదే నీళ్ళు, అదే మట్టి, వెండిని మాత్రం ముట్టలేదు. ఒక్కొక్క తీగా, ఒక్కొక్క ఆకూ బయటికి వచ్చాయి. మూత నడుమ పెద్ద పువ్వు విచ్చుకుంది. కాస్త నూనె పట్టించి ఆయన నా చేతిలో పెడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని పరీక్షలు పాసై ఏం లాభం, ఆ రెండు లోహాలనూ నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

ఇంటికొచ్చి సూదులూ గుండీలూ ఏ అరవి ఆ అరలో సర్ది, అదే పాత తువ్వాలలో చుట్టాను. చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పడానికి ఏముంది, పెట్టె ఇంకా బాగుంది కదా.

ఆరు గంటలకు పెద్దమ్మ వచ్చింది. కొత్త సున్నం వాసన మధ్య మంచం మీద కూర్చుని తువ్వాల విప్పింది. ఆమె బొటనవేలు మూత అంచు మీదికి పోయింది. అక్కడ జారింది. కొంచెం పక్కకు పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"గిది మాది గాదు టీచరమ్మా," అంది.

"మీదే పెద్దమ్మా. చూడండి, లోపల మీ సూదులే."

"సూదులు నావే. పెట్టె నాది గాదు. మా అమ్మ దినాం ఎన్నిసార్లు తెరుస్తుండెనో. ఆమె బొటనేలు పెట్టే తావు అరిగి తెల్లగైంది. నేను ఏలు పెడితె సక్కగ అండ్లనే కూసుంటుండె. ఏదీ గది?"

మాట్లాడకపోతే నేను పెట్టె మార్చిన దొంగను. చెబితే ఆ గుర్తును చేతులారా తుడిచిందాన్ని. చెప్పేశాను. చింతపండూ ఉప్పూ కొబ్బరి పీచూ, ఫోన్‌లో ఆడిన అబద్ధమూ, అన్నీ. ఉస్తాద్ వెనక్కి పిలిచి మరీ అడిగాడని, నేనే సాపు చేయమన్నానని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, మూత అంచున బొటనవేలు ఆనించి తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

"నువ్వు సదువుకున్నదానివి గద," అంది చివరికి. "మళ్ల అట్ల అరగాలంటె ఎన్నేండ్లు పడ్తది?"

జింకు గురించీ వెండి గురించీ బోర్డు నిండా రాయగలను. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె జవాబు కోసం ఆగకుండా మళ్ళీ మూత తెరిచింది.

ఇప్పుడు రోజూ కాలేజీకి తయారవుతుంటే కింద నుంచి ఆ మూత చప్పుడు వినిపిస్తుంది. తెరవడం, మూయడం, తెరవడం. కుట్టుపనేమీ లేదు ఆమెకు, ఆకు ఎప్పుడో మానేసింది.