మక్కచేనులో వేలాడిన సీడీ

సిరిసిల్లలో నేను కంప్యూటర్లు బాగుచేసే దుకాణం తెరిచిన కొత్తలో, వచ్చినవాళ్ళందరూ ముందు నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసేవాళ్ళు. సార్ లేడా అని అడిగేవాళ్ళు. లేడు అనేదాన్ని. ఎప్పుడొస్తాడని అడిగితే, ఇప్పట్లో రాడు, ఆయన ఇంకా పుట్టలేదు అనేదాన్ని. కొందరు నవ్వి డబ్బా కిందికి దించేవాళ్ళు. కొందరు మళ్ళీ వస్తామని పోయి, వారం తిరిగాక నిజంగానే మళ్ళీ వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆ వీధిలో ఇంకో దుకాణం లేదు.

మాది కోరుట్ల. పని నేర్చుకున్నది జగిత్యాలలో, ఆరు నెలల కోర్సు. అక్కడ మాకు అబ్బిన విద్య ఒక్కటే, ఫార్మాట్, అంటే లోపల ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించడం. కంప్యూటర్ మెల్లగా నడిస్తే ఫార్మాట్, పాట వినబడకపోతే ఫార్మాట్. ఎలుక వైరు కొరికితే కూడా ముందు ఫార్మాట్ కొట్టి, తర్వాత వైరు చూసే మహానుభావులు మా బ్యాచిలో ఉన్నారు. తెర మీద ఏం రాసి ఉందో చదివే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఏ ప్రశ్న వచ్చినా ఎడమవైపు మొదటి బటన్ నొక్కడం, టీ తాగడం. నాకు సర్టిఫికెట్టులో ఫస్ట్ క్లాస్ వచ్చింది.

అప్పుడు సిరిసిల్లలో సగం మగ్గాల షెడ్లకు తాళాలు పడ్డాయి. నా దుకాణంలో బాగుచేసే పని కంటే పాస్‌పోర్టు ఫారాలు నింపే పనే ఎక్కువ. మనిషి గడప దాటగానే మస్కట్టా, దుబాయా, కువైటా అని నేను ముఖం చూసి చెప్పేదాన్ని. పదిలో తొమ్మిదిసార్లు తప్పయ్యేది. అయినా మానలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆటోలోంచి ఒకామె దిగింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పులిబొమ్మ ఉన్న లావుపాటి దుప్పటిలో ఏదో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి వచ్చింది. వెనకే పదహారేళ్ళ ఆమె బిడ్డ, నాకూ దీనికీ ఏ సంబంధమూ లేదన్న ముఖంతో నిలబడింది. ఆ తల్లి సార్ కోసం వెతకలేదు. నేరుగా నా బల్ల మీద మూట విప్పి, "చెల్లె, గిది జర చూడు" అంది. దుప్పటిలోంచి కంప్యూటర్ బయటపడింది. అది విండోస్ ఎక్స్‌పీతో నడిచే పాతది. అప్పటికే మా దుకాణాల్లో దాన్ని ముసలమ్మ అనేవాళ్ళం.

వాళ్ళది కోనరావుపేట దగ్గర ఊరు. గుంట భూమి లేని ఇల్లు. భర్త ముంబైకి పనికి పోయి అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. బిడ్డకు అయిదేళ్ళప్పుడు ఈమె తన తల్లి దగ్గర దాన్ని వదిలి, కువైటులో ఇంటిపనికి పోయింది. పదేళ్ళు చేసింది. తిరిగొచ్చేటప్పుడు, ఆ ఇంటి పెద్దమ్మాయి కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతది ఈమెకు ఇచ్చేసింది.

కంప్యూటర్‌కు ఏమైందని అడిగితే బిడ్డ గర్వంగా చెప్పింది. కాలేజీలో కంప్యూటర్ క్లాసులో ఆమే ఫస్టట. పాటలకు జాగా లేకపోతే లోపల శుభ్రం చేసిందట. ఏమేం తీసేశావంటే, తనకు చదవరానివన్నీ చెత్తే కదా అంది. అందులో ఉన్నదంతా అరబ్బీ. అంటే తనకు చదవరానిది దాదాపు కంప్యూటర్ అంతా. మా జగిత్యాల కోర్సులో చేరి ఉంటే ఈ పిల్ల కూడా ఫస్ట్ క్లాసే.

తెర పెట్టి చూశాను. కువైటు ఇంటివాళ్ళ పాత ఖాతా కుంటుకుంటూ తెరుచుకుంటోంది. ఈమె కోసం ఆ పెద్దమ్మాయి విడిగా పెట్టిన ఖాతాలోకి పోతే మాత్రం నీలం తెర వచ్చి ఆగిపోతోంది. సిస్టమ్ ఫైళ్ళు పాడైపోయాయి. నేను అలవాటు ప్రకారం, ఫార్మాట్ కొట్టేస్తే గంటలో కొత్తదానిలా అవుతుంది అన్నాను. బిడ్డ సంతోషంగా తలూపింది. తల్లి ముఖంలో రంగు పోయింది. మంచినీళ్ళు తెమ్మని బిడ్డను బయటికి పంపి, అప్పుడు చెప్పింది.

"గిండ్ల నా బిడ్డ ఫోన్లున్నయ్ చెల్లె. చిన్నప్పటియి."

ప్రతి శుక్రవారం సాయంత్రం ఊరికి ఫోన్ చేసేదట. ఒకరోజు ఫోన్ పెట్టేసి ఏడుస్తుంటే ఆ పెద్దమ్మాయి చూసి, ఫోన్‌ను మైకు దగ్గర పెట్టి ఎర్రచుక్క నొక్కడం నేర్పింది. ఆ రికార్డరు నిమిషం నడిచి దానంతటదే ఆగిపోయేది. అట్లా వారానికొక నిమిషం దాచుకుంది. ఈ సంగతి బిడ్డకు తెలియదు. అందులో ఉన్నవి అక్కడ తల్లి పెంచిన పిల్లల ఫోటోలని బిడ్డ అనుకుంటోంది. అందుకే ఆ డబ్బా అంటే దానికి కోపమట. మరి చెప్పొచ్చు కదా అంటే, నాతో మాట్లాడేదే తక్కువ, ఇది చెప్తే ఏమంటుందో అంది. ఏడాదైంది ఆమె వచ్చి. బిడ్డ ఇప్పటికీ అన్నం అమ్మమ్మనే అడుగుతోంది.

అది విన్నాక ఫార్మాట్ అన్న మాట నా నోట రాలేదు. డిస్కు ఊడదీసి నా కంప్యూటర్‌కు తగిలించి చూశాను. ఆ పెద్దమ్మాయి తెలివైనది, ఈమె ఖాతాకు గట్టి తాళమే వేసింది. ఆ ఫైళ్ళు వాటి సొంత సిస్టమ్ లేస్తే తప్ప తెరుచుకోవు. ఇక మిగిలిన దారి, డిస్కును మళ్ళీ ముసలమ్మలో బిగించి, పాడైన ఫైళ్ళను ఒక్కొక్కటే వెతికి వాటి చోట మంచివి పెట్టే ఆదేశం ఇవ్వడం. ఇచ్చాను. అది సీడీ అడిగింది. నా దగ్గరున్న ఇంగ్లీషు సీడీ పెడితే, ముసలమ్మ ఉమ్మేసింది. దానికి తన అరబ్బీ సీడీయే కావాలి.

దీంతో పాటు సీడీ ఏమైనా వచ్చిందా అని అడిగాను. అట్టపెట్టెలో తళతళలాడేది ఒకటి ఉండేదని తల్లి అంది. నీళ్ళు తెచ్చిన బిడ్డ అప్పుడు మొదటిసారి నవ్వింది. దాన్ని మామ మక్కచేన్లో కట్టాడట.

మర్నాడు తల్లీబిడ్డలతో పాటు ఆ మేనమామ దారంతో సహా సీడీ పట్టుకుని వచ్చాడు. కౌలుకు చేసిన మక్కచేనులో కంకులకు చిలుకలు రాకుండా కర్రలకు సీడీలు కట్టాడు. ఎండా గాలీ తిని, కర్రకు కొట్టుకుని, అది గీతలు పడి మసకబారింది. ఆయన బాధ వేరు. కట్టినవాటిలో చిలుకలు లెక్కచేసింది ఈ ఒక్కదాన్నేనట, ఇప్పుడు చేను దిక్కులేనిదైందట. ఊరుకోబెట్టడానికి నా ఇంగ్లీషు సీడీ ఆయన చేతిలో పెట్టాను. తర్వాత అడిగితే, దానికీ బాగానే భయపడుతున్నాయన్నాడు. నా ఆరు నెలల చదువుకు దక్కిన మొదటి మెప్పు అది.

సీడీని పళ్ళపొడితో కాదు, తెల్ల పేస్టుతో రుద్ది కడగాలని ఎవరో చెప్పగా విన్నాను. రుద్దాను. తల్లి తన కొంగుతో తుడిచి, కళ్ళు మూసుకుని ప్రభువుకు చిన్న ప్రార్థన చేసి, లోపల పెట్టమంది. పెట్టాను. లోపల గరగరమని తిరిగింది. ఆదేశం కొంతదూరం నడిచి, తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి ఆగింది. అరబ్బీలో రెండు వరుసలు, కింద మూడు బటన్లు. నేను అలవాటు ప్రకారం ఎడమవైపు మొదటిదాని మీదికి బాణం తెచ్చాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు చెల్లె. గది ఇల్గా. అంటే ఇగ వద్దు, బందువెట్టు అని. ఇటు దిక్కుది నొక్కు, మళ్ళ చూస్తా అంటున్నది."

అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. బటన్లు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. నేను నేర్చుకున్నది బటన్లున్న చోటే తప్ప, వాటి మీద రాసిన మాటలు కాదు. నొక్కి ఉంటే పని అక్కడికి ఆగిపోయేది, నేను టీ తాగేదాన్ని.

బిడ్డ తెరను కాదు, తల్లిని చూస్తోంది. ఊళ్ళో రెండో తరగతితో చదువు ఆగిన తల్లి ఆమె. బస్సు బోర్డు మీద పేరు కూడా బిడ్డనే అడుగుతుంది.

"నీకు సదువస్తదా అమ్మా?"

"గీ సదువొస్తది" అని తల్లి తెర వైపు చూపించింది. అక్కడి చిన్నపిల్లవాడికి హోంవర్కు చేయించేది తనేనట. వాడు అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుందట. ఆ మాట అన్నాక, అనకుండా ఉండాల్సిందని ఆమెకు తోచినట్టుంది, గొంతు తగ్గించింది. బిడ్డ ముఖం తిప్పుకుంది. ఒకరి పిల్లవాడికి అక్షరాలు దిద్దించిన చేతులు తనకు దిద్దించలేదు కదా. నాకు ఆ ఇద్దరిలో ఎవరి వైపు నిలబడాలో తెలియలేదు.

సీడీ పన్నెండుచోట్ల తట్టుకుంది. ప్రతిసారీ ఆమె వేలు పెట్టి చదివేది, ఎక్కడ నొక్కాలో చెప్పేది, నేను బుద్ధిగా నొక్కేదాన్ని. ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్టు వెనక గోడకు వేలాడుతూ ఇదంతా చూసింది. పొద్దు వాలకముందే పని పూర్తయింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే ఆమె ఖాతా తెరుచుకుంటూ రహస్యపదం అడిగింది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుని ఆమే కొట్టింది. నీలం తెర రాలేదు. ఫైళ్ళు వరుసగా వచ్చాయి, పేర్లు లేవు, అన్నిటికీ అంకెలే.

ఇందులో నువ్వున్నావని బిడ్డకు చెప్పి, ఆమె మొదటిదాన్ని తెరవమంది. తెరిచాను. ఎవరో ముసలామె గొంతు, అమ్మమ్మది కాబోలు, "మాట్లాడు బిడ్డా, అమ్మ గదా" అంది. ఒక కోడి అరిచింది. ఆ తర్వాత ఏమీ లేదు. నిమిషం అయిపోయింది. రెండోది తెరిచాను. అందులోనూ అంతే. మూడోదీ అంతే. నా చేతి చలువతో అన్నీ పాడైనట్టున్నాయని, స్పీకర్ వైర్లు పీకి మళ్ళీ పెట్టాను. అది కోర్సులో నేర్పనిది, భయంతో చేసేది.

"ఖరాబు కాలే చెల్లె, మంచిగనే ఉన్నది" అంది ఆమె. "గప్పుడు గిది నాతోని మాట్లాడకపోయేది. ఫోను చెవుకు పెట్టుకోని ఊకె నిలవడేది."

బిడ్డ బల్ల అంచు పట్టుకుంది. "మాట్లాడనియి ఎందుకు దాసుకున్నవ్?"

"ఊపిరి ఇనవడుతది బిడ్డా. సర్ది అయిందా, ఉరికచ్చినవా, ఏడ్సినవా, అన్ని ఎరుకైతయ్ నాకు."

నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. బిడ్డ ఏడవలేదు. లేచి గోడ దగ్గరికి పోయి ఫ్యాన్ బందు చేసింది. ఆ ఉక్కలో తిరిగి వచ్చి, తల్లిని కొంచెం జరగమని, ఆ కుర్చీలోనే పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"అక్కా, మళ్ళ మొదటిది పెట్టు" అంది.